పిన్ని పోపుల డబ్బా

తెనాలిలో మా పిన్ని ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక, బాబాయి నడుం వాల్చే వేళకి, ముందుగదిలోంచి కరుక్ కరుక్‌మని చప్పుడొస్తుంది. కుట్టుమిషను సొరుగులో ఉండే కత్తెర బిళ్ళల రేకుని కోసే చప్పుడది. వచ్చే వారానికి పిన్ని మందులు సర్దుకుంటోందన్నమాట.

చేనేత మీద, కొండపల్లి బొమ్మల మీద, బుడితి ఇత్తడి మీద వ్యాసాలు రాసినవాణ్ణి. పనితనం అంటే చేత్తో పట్టుకుని తిప్పి చూడగలిగే వస్తువులోనే ఉంటుందని నాకో నమ్మకం. పంతొమ్మిదేళ్ళ షుగరు, పదహారేళ్ళ బీపీ, మధ్యలో వచ్చి చేరిన థైరాయిడ్, వీటికి తోడు ఇన్సులిన్ మీదున్న మొగుడు. ఇంత సంసారాన్ని ఒక్క పోపుల డబ్బాతో నడుపుకొస్తున్న మనిషి గురించి రాయాలని ఏనాడూ తోచలేదు. మొన్న మే నెలలో నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉండి, ఆ డబ్బాని దగ్గరగా చూశాక తోచింది.

అవును, పోపుల డబ్బానే. పాత స్టీలుది, లోపల ఏడు గిన్నెలు. రెండేళ్ళ కిందట నేను హైదరాబాదు నుంచి ఏడు అరల ప్లాస్టిక్ మందుల పెట్టె తెచ్చి ఇచ్చాను, రోజుకో అర చొప్పున. ఇప్పుడు దాని సోమవారం అరలో లవంగాలు, మంగళవారం అరలో యాలకులు, బుధవారం అరలో జాపత్రి ఉన్నాయి. ఆవాలూ జీలకర్రా సీసాల్లోకి వెళ్ళిపోతే వాటి గిన్నెల్లోకి బిళ్ళలొచ్చాయి. నాకు కాస్త చిన్నతనం అనిపించిన మాట నిజం. ఎందుకిలా చేశావని అడిగాను.

నేనిచ్చిన పెట్టెలో వేయాలంటే బిళ్ళల్ని రేకులోంచి నొక్కి తీయాలి. మొదటి వారం అలాగే చేసిందట. శ్రావణం, ముసురు. గురువారానికి బీపీ బిళ్ళ వానాకాలం ఉప్పులా చెమ్మగిల్లి వేలికి అంటుకుంది. దాన్ని తీసుకెళ్ళి మందుల షాపాయనకి చూపిస్తే, "ఇది రేకు విప్పగానే వేసుకోవాల్సిందమ్మా" అన్నాడు. అంతే, పెట్టె వంటింట్లోకి పోయింది, కత్తెర మందుల దగ్గరికొచ్చింది.

షాపాయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ మందు పేరు టెల్మిసార్టాన్. అది మామూలుగా నీళ్ళలో సరిగ్గా కరగదు, కరగనిది ఒంటికి పట్టదు. అందుకని బిళ్ళ తయారుచేసేటప్పుడు సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారాన్ని కాస్త కలుపుతారు. క్షారం వల్ల మందు కరుగుతుంది, కానీ అదే క్షారం గాలిలో తేమనీ లాక్కుంటుంది. పైనా కిందా కూడా అల్యూమినియం రేకు పెట్టి దాన్ని బిగించేది ఇందుకే. బిళ్ళ లోపల చేసిన ఉపకారం బయట తెచ్చిపెట్టిన చిక్కుకి ఆ రేకు విరుగుడు. పిన్నికి క్షారం సంగతి తెలీదు. రేకు కూడా మందులో భాగమేనని మాత్రం తెలిసింది, తెలిసినదాన్ని కత్తెరలో పెట్టుకుంది.

ఆ కత్తిరింపు చూడాలి. పేరూ, మిల్లీగ్రాములూ, గడువు తేదీ అచ్చయిన కొసని ముట్టుకోదు, రెండో కొస నుంచి మొదలుపెడుతుంది. చివరి బిళ్ళ దాకా పట్టీ మీద ఆ అక్షరాలు మిగిలే ఉంటాయి. ఒక్కో ముక్క నాలుగు మూలల్నీ మళ్ళీ కత్తెర పెట్టి గుండ్రం చేస్తుంది, జాకెట్టు మెడ తిప్పినట్టు. తన ముక్కలే ఇలా గిన్నెలో వేసుకుంటుంది. చూపు తగ్గిన బాబాయికి మాత్రం విడి ముక్క ఎప్పుడూ ఇవ్వదు. పట్టీ తనే పట్టుకుని, బిళ్ళ నొక్కి తీసి అరచేతిలో పెడుతుంది. కత్తిరించిన ముక్కని చీకట్లో రేకుతో సహా మింగేసి అన్ననాళం కోసుకున్న పెద్దవాళ్ళు ఉన్నారని డాక్టరమ్మ చెప్పిందట. ఏ ఒడుపు ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో తెలియడం కూడా ఒడుపే కదా.

ఏడు గిన్నెలున్నాయి కాబట్టి ఏడు రోజులకి ఏడు అనుకుంటాం. ఆవిడ లెక్క వేరు. గిన్నెకో పూట. టిఫిన్ గిన్నె, భోజనం గిన్నె, రాత్రి గిన్నె, అలా. ఖాళీ గిన్నె ఒకటుంది, పొద్దున్నుంచి వేసుకున్న బిళ్ళల ఉత్త రేకులు అందులో పడతాయి. "వేసుకున్నానా లేదా" అన్న అనుమానం వస్తే ఆ గిన్నెలో చూసుకుంటుంది. రాత్రి పడుకోబోయే ముందు పారబోస్తుంది. నాకు ఈ ఖాళీ గిన్నె మీద ఉన్న గౌరవం మిగతా ఆరింటి మీదా లేదు.

థైరాయిడ్ బిళ్ళ డబ్బాలోకి రాదు. దాని సీసా మంచం పక్కన, మూత బిగించి, నీళ్ళ చెంబు దగ్గర ఉంటుంది. లీవోథైరాక్సిన్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. పిన్నిది 50. అంటే ఒక్క గ్రాము మందుని ఇరవై వేల మందికి పంచితే ఆవిడ వాటాకి వచ్చేది అంత. ఇంత సూక్ష్మమైన మందుకి పరగడుపు కావాలి. కాఫీ తగిలితే సరిగా పట్టదు, క్యాల్షియం, ఐరన్ బిళ్ళలకీ దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ పడకపోతే కళ్ళు తెరుచుకోని కొంపలో ఇది చిన్న నియమమేం కాదు. పిన్ని దాన్ని ముగ్గుతో సర్దింది. అయిదింటికి లేచి ముఖం కడుక్కోగానే బిళ్ళ, గ్లాసు నిండా నీళ్ళు. తర్వాత వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, తులసికోట దగ్గర పని చూసుకుని వచ్చేసరికి గంట దాటుతుంది. అప్పుడు డికాషను. గడియారం చూడక్కర్లేదు. ధనుర్మాసంలో ముగ్గులు పెద్దవి కాబట్టి మందుకి ఇంకా మంచిదని నవ్వుతుంది. క్యాల్షియం రాత్రి భోజనంతో పోతుంది, రెండూ ఎదురుపడవు.

దీర్ఘకాలం వాడాల్సిన మందుల్ని సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది సరిగ్గా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో తేల్చింది. మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పది కోట్లు దాటారనీ, పెద్దల్లో 35 శాతానికి పైగా బీపీ ఉందనీ ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. ఇంతమందికీ "మర్చిపోకండి" అని చెప్పడం తేలిక. మా పిన్ని గుర్తుపెట్టుకోవడం అనే పనినే వీలైనంత తగ్గించుకుంది. ప్రతి బిళ్ళనీ ఎలాగూ తప్పని ఒక ఇంటిపనికి ముడేసింది.

టిఫిన్ గిన్నెలో ఉండే పెద్ద తెల్ల బిళ్ళ మెట్‌ఫార్మిన్. యూరప్‌లో గలేగా అని చిక్కుడు కుటుంబం మొక్క ఒకటుంది. ఆ మొక్కలోని పదార్థం మీద మొదలైన పరిశోధనకి వారసురాలు ఈ మందు. 1922లోనే డబ్లిన్‌లో తయారుచేసినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ షుగరు రోగులకి వాడి ఫలితాలు ప్రకటించాడు. అమెరికాలో అనుమతి వచ్చేసరికి 1994 చివరికొచ్చింది. ఇది ముఖ్యంగా కాలేయం మీద పనిచేస్తుంది. "రాత్రి సరిగ్గా తినకపోయినా పొద్దున షుగరెందుకు పెరుగుతుందమ్మా అని అడిగాన్రా. మనం పడుకున్నా లివరు వంట ఆపదట. ఈ బిళ్ళ పోయి దాని పొయ్యి సెగ తగ్గిస్తుందట," అంది పిన్ని. పాఠ్యపుస్తకం ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పగా నేను చూడలేదు.

పిన్ని వాడేది నిదానంగా విడుదలయ్యే రకం. పనితనం అనే మాట ఆ బిళ్ళకీ చెల్లుతుంది. కడుపులో నీళ్ళు తగలగానే, నానేసిన సబ్జా గింజలాగా, చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. ఆ జిగురులోంచి మందు గంటల తరబడి కొద్దికొద్దిగా ఊరుతుంది. అందుకే మెట్‌ఫార్మిన్ పెట్టే వికారం, విరేచనాలు ఈ రకంలో తక్కువ. అందుకే దాన్ని విరగ్గొట్టకూడదు, నలపకూడదు, నమలకూడదు. నలిపితే రోజంతా ఊరాల్సింది ఒక్కసారి మీద పడుతుంది. మందంతా ఊరిపోయాక ఉత్త జిగురు తొడుగు ఒక్కోసారి అలాగే మలంలో కనబడుతుంది. బాబాయికి కూడా ఇదే మందు రాసిన కొత్తల్లో అది చూసి ఇల్లు ఎగరగొట్టాడట, "బిళ్ళకి బిళ్ళ అలాగే వచ్చేసింది, డబ్బు దండగ" అని. పిన్ని రాద్ధాంతం చేయకుండా పుస్తకంలో రాసుకుని, తర్వాతిసారి డాక్టరమ్మనడిగి, అది ఉత్త డొల్ల అని తెలుసుకుని వచ్చింది.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. రెండు వందల పేజీల గీతల నోటుబుక్కు, ఇప్పుడు నడుస్తున్నది నాలుగోది. ఎడమ పేజీలో అంకెలు, కుడి పేజీలో అడగాల్సినవి. ఏడేళ్ళ కిందటి ఒక కుడి పేజీలో "సాయంత్రం కాలి మెట్టె బిగుస్తోంది. చెప్పు పట్టీ అచ్చు పడుతోంది" అని ఉంది. అప్పట్లో బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు వేసుకునేది. చీలమండల దగ్గర నీరు చేరడం ఆ మందుకున్న అలవాటు, మోతాదు పెరిగేకొద్దీ ఎక్కువ. చాలామంది ఆ వాపు చూసి కిడ్నీలు పోయాయని హడలిపోతారు, లేదా బిళ్ళ మానేసి ఊరుకుంటారు. పిన్ని మెట్టె సంగతి చెప్పింది. డాక్టరమ్మ ఆమ్లోడిపిన్‌ని 5కి దించి, టెల్మిసార్టాన్ 40 జతచేసింది. అలా వచ్చింది కత్తెర తెప్పించిన బిళ్ళ. ఇంకో పేజీలో "పాదాల్లో తిమ్మిరి" అని ఉంది. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా తిమ్మిరే. కానీ మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, దానివల్లా తిమ్మిరే. పరీక్ష చేయిస్తే పిన్నికి బీ12 తక్కువని తేలింది.

ఎడమ పేజీ అంకెల్లో నాకు ముచ్చటేసింది వాటి నిజాయితీ. పెళ్ళిళ్ళ సీజన్లో, మామిడిపళ్ళ రోజుల్లో వచ్చిన పెద్ద అంకెలు కూడా అదే సిరాతో, అదే సైజులో ఉన్నాయి. నా సంగతి వేరు. నాకూ నాలుగేళ్ళుగా షుగరు. పరీక్షకి వారం ముందు నుంచి అన్నం మానేసి, పొద్దున్నే పార్కు చుట్టూ తిరిగి, మంచి అంకెతో డాక్టరు ముందు కూర్చోవాలని చూసేవాణ్ణి. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష దగ్గర ఆ ఆట కట్టింది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, బతికినన్నాళ్ళూ దానికి చక్కెర అంటుతూనే ఉంటుంది. వారం రోజుల భక్తి మూడు నెలల పాపాన్ని కడగలేదు. ఇదంతా చెబితే పిన్ని, "డాక్టరుకి చూపించడానికా రాసేది? నేను చూసుకోవడానికి" అంది. ఆ పూట ఆవిడ మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

బీపీ చూడటం అక్కడ చిన్న క్రతువు. కుర్చీలో వీపు ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు కుదరదు. మోచేతి కింద దిండు, పట్టీ గుండె ఎత్తులో. నోరు విప్పకూడదు. బాబాయితో పేచీ ఈ చివరి షరతు దగ్గరే. యంత్రం గాలి కొడుతుండగా టీవీలో ఎవరో ఏదో అంటారు, ఈయన దానికి జవాబు చెబుతాడు, అంకె పైకి పోతుంది. పిన్ని ఆ అంకె రాయదు. టీవీ కట్టేసి, మళ్ళీ మొదట్నించీ. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి, రెండూ రాస్తుంది.

డబ్బాలో ఒక గిన్నెకి పసుపు తోరం కట్టి ఉంది. పూజ దారం పొరపాటున చుట్టుకుందనుకున్నాను. అందులో ఉండేది గ్లిమిపిరైడ్. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. ఈ మందు తీరు వేరు. ఇది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తుంది. మనం తిన్నామా పస్తున్నామా అని చూడదు. ఒక కార్తీక సోమవారం నాడు పిన్ని ఉపవాసం ఉండి, బిళ్ళ మాత్రం మానకూడదని వేసుకుంది. నక్షత్రాలు చూసి తినాలి. పదకొండు గంటలకి దేవుడి గదిలో కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. ఒత్తి తిరగడం లేదు. వేళ్ళు వణుకుతున్నాయి. జాకెట్టు తడిసిపోయింది. చేతిలో దూది పట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియక అలా చూస్తూ కూర్చుందట. బాబాయి అటువైపు వెళ్ళబట్టి సరిపోయింది. యంత్రంలో 52 చూపించింది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసి, అప్పుడు ఇడ్లీ పెట్టాడు. ఇన్సులిన్ వేసుకునే మనిషి కాబట్టి ఆయనకి ఆ విద్య తెలుసు.

ఆ సాయంత్రమే తోరం కట్టింది. అన్నం ముందు లేకుండా ఆ గిన్నె తెరవకూడదని గుర్తు. ఉపవాసాలు మానలేదు, తగ్గించింది. అనుకున్న రోజుకి ముందే డాక్టరమ్మకి ఫోను చేసి ఏ బిళ్ళ ఆపాలో అడుగుతుంది. ఆ తోరం చదువు రానివాళ్ళకి కూడా తెలిసే గుర్తు, రాత్రి కరెంటు పోయినా వేలికి తగిలే గుర్తు. మందుల కంపెనీలు పట్టీల మీద గీసే ఎర్ర గీత కన్నా నాకు ఇదే నచ్చింది.

ఇక బాబాయి ఇన్సులిన్. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్ల రకం. దానికి ఎర్ర మూత సిరంజి. మిల్లీలీటరుకి 100 యూనిట్ల రకానికి నారింజ మూత సిరంజి. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకసారి మా తమ్ముడు వస్తూ వస్తూ ఎక్కడో ఒక షాపులో నారింజ మూతల పెట్టె కొనుక్కొచ్చాడు. పిన్ని మూత రంగు చూసి పక్కన పెట్టేసింది. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే బాబాయి ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. రెండింతల పైన తేడా, గీత మాత్రం అదే. వాళ్ళ క్యాలెండరులో పొట్ట బొమ్మ ఒకటి గీసి ఉంటుంది, నాలుగు గడులుగా. ఒకే చోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు కాబట్టి, వారానికో గడి మారుస్తారు.

వాడుతున్న సీసా మీద ప్లాస్టరు అంటించి, తెరిచిన తేదీ రాస్తుంది. మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా ఆగుతుందంటారు. తెనాలి మే నెలని మామూలు వేడి అని ఎవరనగలరు? కరెంటు పోతే ఫ్రిజ్ కూడా బీరువాయే. అందుకని పెరటి గుమ్మం దగ్గర నీడలో ఒక కుండలో ఇంకో చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక, పైన తడిగుడ్డ. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. సీసా ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, చెమ్మకి చీటీ ఊడకుండా. నేను చెయ్యి పెట్టి చూశాను. బయట గాలి నిప్పులు కక్కుతుంటే లోపల చల్లగా, మట్టి వాసనతో ఉంది. ఫ్రిజ్ నడిచే రోజుల్లోనూ డీప్ ఫ్రీజర్ వైపు పోనివ్వదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు.

తిండి దగ్గర ఆవిడ గొప్పలేం చెప్పదు. కొర్రలూ అరికలూ తెచ్చి నెల తినిపించి, బాబాయి అలిగితే మానేసింది. కంచంలో మొదట కూర, ఆకుకూర పప్పు వస్తాయి. అవి సగమయ్యాక అన్నం, ఒక గిన్నె కొలతతో. కూర ముందు పడితే అన్నం తిన్నాక షుగరు ఎగిరే ఎత్తు తగ్గుతుంది. ఈ ఏర్పాటు మీద ఎవరూ అలగలేదు, ఎందుకంటే ఎవరూ గమనించలేదు. ఉప్పు రోజుకి అయిదు గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక చెంచా. గుంటూరు జిల్లా కంచంలో ఆ చెంచా ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయల దగ్గరే అయిపోతుంది. పిన్ని ఆవకాయ పెట్టడం మానలేదు, జాడీ మాత్రం అటక ఎక్కించింది. బల్ల మీద ఉండేది చిన్న సీసా, అందులో ఉప్పు చెంచా. రాత్రి తిన్నాక డాబా మీద పదిహేను నిమిషాలు ఇద్దరూ తిరుగుతారు. కదిలే కండరం రక్తంలో చక్కెరని తనంతట తను లాక్కుంటుంది. వాళ్ళు మాత్రం ఎదురింటివాళ్ళ కొబ్బరిచెట్టు గురించి మాట్లాడుకుంటూ తిరుగుతారు.

నేను బయల్దేరే రోజు సాయంత్రం బాబాయి మందుల షాపు నుంచి నెల మందులు తెచ్చాడు. పాత కంపెనీది లేదని వేరేది ఇచ్చారట. పిన్ని భూతద్దం తెచ్చుకుని, కొత్త పట్టీనీ, పాత పట్టీ మిగిలిన కొసనీ పక్కపక్కన పెట్టి, వేలు జరుపుకుంటూ చదవడం మొదలుపెట్టింది. కంపెనీ పేరు చూడదు, దాని కింద సన్నక్షరాల్లో ఉండే అసలు పేరు చూస్తుంది. టెల్మిసార్టాన్ 40, సరే. ఆ వేలు అక్కడ ఆగకుండా ఇంకొంచెం జరిగింది.

"ఏవండీ, ఇందులో ఆమ్లోడిపిన్ కూడా కలిపి ఉంది. 5. నా గిన్నెలో అది విడిగా ఉందిగా. రెండూ వేసుకుంటే పది."

"ఒకటే మందన్నాడే షాపులో."

"ఒకటే కాదు."

చెప్పులేసుకుంది. పాత కొస ఒక చేతిలో, కొత్త పట్టీ ఒక చేతిలో. "నువ్వు ఉండరా, రైలుకింకా టైముంది, వచ్చి కాఫీ పెడతా," అని గేటు తీసుకుని వెళ్ళింది. బల్ల మీద డబ్బా మూత తీసే ఉంది. ఖాళీ గిన్నెలో ఆ పూటకి మూడు రేకులున్నాయి, మూలలు గుండ్రంగా.